తిట్టుగా మారిన పేరు

అర్థ విపరిణామం గురించి మీరు ముందు పాఠంలో చదివారు. ‘కంపు’ ఒకప్పుడు మంచి వాసనకు కూడా చెల్లిన మాట, ఇప్పుడు దుర్వాసనకే మిగిలింది. ‘ఛాందసుడు’ అంటే వేదం చదివినవాడు, ఇవాళ ఎవరినైనా ఆ మాట అంటే మొహం మాడ్చుకుంటారు. ‘సభికుడు’ జూదశాల నడిపేవాడి స్థాయి నుంచి సభలో కూర్చున్న పెద్దమనిషి స్థాయికి ఎదిగాడు. మొదటి రెండూ అర్థాపకర్షకు, చివరిది అర్థోత్కర్షకు ఉదాహరణలు. పరీక్షలో ఇవి రాస్తే మార్కులు వస్తాయి. వీటితో ఒక సౌకర్యం కూడా ఉంది. వీటి వల్ల ఇవాళ ఎవరి మనసూ నొచ్చుకోదు.

ఈ పాఠంలో అంత సౌకర్యం లేని మాటలను చూద్దాం. అవి బతికి ఉన్న మనుషుల పేర్లు. కుటుంబంలో మొదటిసారి డిగ్రీ దాకా వచ్చినవాళ్లు దూరవిద్యలో చాలామంది ఉంటారు. కాబట్టి ఈ మాటలు పడినవాళ్లూ, ఆలోచించకుండా అన్నవాళ్లూ ఇద్దరూ మీలో ఉన్నారనుకునే రాస్తున్నాను. మాటను చర్చించాలంటే దాన్ని రాయక తప్పదు. ఒక మాటను ఒకరి మీద వాడటం వేరు, పరిశీలన కోసం ఉదాహరించడం వేరు. ఆ తేడా మనసులో ఉంచుకొని చదవండి.

పేరు, తిట్టు

నెల్లూరు తీరం వెంట పులికాటు సరస్సు నుంచి కావలి దాకా ఉప్పుటేర్ల పక్కన, వరి కయ్యల గట్ల మీద, ఊరికి ఒక చివర యానాదుల ఇళ్లు కనిపిస్తాయి. చేపలు, పీతలు పట్టడం, పొలాల్లో ఎలుకలు పట్టడం, మూలికలు ఏరడం, రైతుల తోటలకు కాపలా కాయడం వీళ్ల పాత పనులు. రొయ్యల గుంటలు వచ్చాక వాటి దగ్గర రాత్రి కాపలా కూడా చేరింది. 2011 జనాభా లెక్కల ప్రకారం రాష్ట్రంలో ఐదు లక్షలకు పైబడి ఉన్న షెడ్యూల్డు తెగ ఇది. శ్రీహరికోట అడవి కూడా ఒకప్పుడు వీళ్ల జీవనాధారమే. 1969లో ఆ దీవిని రాకెట్ల ప్రయోగానికి ఎంచుకున్నాక అక్కడి కుటుంబాలు చోటు మారవలసి వచ్చింది.

ఇదే తీరంలో తల దువ్వుకోని పిల్లవాణ్ణి చూసి తల్లి, ‘ఏందిరా, యానాదోడి మాదిరి ఉండావు’ అంటుంది. ఆమెకు ఎవరి మీదా కోపం లేదు. ఎవరినో అవమానిస్తున్నానన్న ఊహ కూడా లేదు. అయినా ఆ పిల్లవాడి పక్క బెంచీలో యానాది పిల్లవాడు ఉంటాడు. వాడికి ఆ వాక్యం ఏం నేర్పుతుంది? తన అమ్మానాన్నల జాతి పేరు ఊళ్లో మురికికి పర్యాయపదమని నేర్పుతుంది. హాజరు పట్టీలో ఉన్న మాట, దుమ్ము కొట్టుకుపోయిన మొహానికి వాడే మాట ఒకటేనని వాడికి తెలిసిపోతుంది.

ఇది ఎలా జరిగిందో చూడండి. పేరు మొదట మనుషులను చెప్పింది. తరవాత ఆ మనుషుల పేదరికాన్ని చెప్పింది. ఆపైన చింపిరి జుట్టులోనో, చినిగిన చొక్కాలోనో ఆ పేదరికపు గుర్తు ఎక్కడ కనిపించినా దానికి పేరైంది. చివరికి ఆ మొత్తం అర్థాన్ని మోసుకుంటూ వెనక్కి వచ్చి ఆ మనుషుల మీదే పడింది. అలంకారశాస్త్రంలో ‘లక్షణ’ అని మీరు చదువుకున్న శబ్దవ్యాపారమే ఇది. కావ్యంలో అది శోభ ఇస్తుంది. వీధిలో ఇలా పని చేస్తుంది.

ఇక్కడ ‘వెధవ’తో పోల్చడం అవసరం. ఈ మాట ‘విధవ’ నుంచి వచ్చిందని మీకు తెలుసు. మేనమామ మేనల్లుణ్ణి ‘ఒరే వెధవా’ అని ముద్దుగా పిలిచినప్పుడు భర్త చనిపోయిన ఆడమనిషి ఎవరికీ గుర్తు రాదు. ఆమె పేరు తిట్టయింది, తిట్టు ముద్దయింది, మధ్యలో ఆమె మాయమైంది. ‘ముండ’ అనే మాటకు కూడా మూలం గుండు చేయించిన తలే. 1881 డిసెంబరులో రాజమహేంద్రవరంలో వీరేశలింగం మొదటి వితంతు వివాహం జరిపించిన కాలానికి ఆ మాటల వెనక మనిషి ఇంకా కనిపిస్తూనే ఉంది. క్రమంగా ‘విధవ’ను పక్కకు నెట్టి ‘వితంతువు’ ముందుకు వచ్చింది. పింఛను దరఖాస్తులో ఇప్పుడు ఉన్నది ఆ మాటే. ‘వెధవ’ విషయంలో మూలాన్ని మరిచిపోయాం కాబట్టి మనకు సుఖంగా ఉంది. ‘యానాది’ విషయంలో ఆ మరుపు సాధ్యం కాదు, ఎందుకంటే ఆ మనుషులు పక్క వీధిలోనే ఉన్నారు.

వ్యుత్పత్తితో తప్పించుకోవడం

ఈ చర్చ వచ్చినప్పుడల్లా చదువుకున్నవాళ్లు ఒక వాదం తెస్తారు. ‘యానాది’ సంస్కృతంలోని ‘అనాది’ నుంచి వచ్చింది, ఆది తెలియనంత ప్రాచీనులని అర్థం, ఇంత గొప్ప పేరులో తిట్టేముంది అని. ఈ వ్యుత్పత్తి చాలా పాతది, థర్‌స్టన్ 1909లో ప్రచురించిన దక్షిణ భారత కులాలు, తెగల సంపుటాల కాలం నుంచీ చెలామణిలో ఉంది. అది సరైనదో కాదో అటుంచండి. సరైనదే అనుకుందాం. అయినా ఈ వాదం నిలవదు. ‘ఎరుకల’ అనే పేరును ‘ఎరుక’తో, అంటే జ్ఞానంతో ముడిపెడతారు. ఆ జ్ఞానం వలస ప్రభుత్వం వాళ్లను నేరస్థ జాతిగా నమోదు చేయకుండా ఆపలేదు. తిట్టు తగిలేది వాడుకలో, నిఘంటువులో కాదు.

ఈ సంగతిని మన సుప్రీంకోర్టు భాషాశాస్త్ర విద్యార్థి మెచ్చుకునేటంత స్పష్టంగా చెప్పింది. స్వరణ్ సింగ్ కేసు తీర్పులో, 2008లో, ఉత్తరాదిలో ‘చమార్’ అనే కులనామం గురించి విచారిస్తూ, చూడవలసింది ఆ మాట వ్యుత్పత్తిని కాదు, వాడుకలో అది సంపాదించుకున్న అర్థాన్ని అని చెప్పింది. ఆ మాట అధికారికంగా ఒక కులం పేరే కావచ్చు. అవమానించే ఉద్దేశంతో అన్నప్పుడు అది నేరమే అని తేల్చింది. 1989 నాటి షెడ్యూల్డు కులాలు, తెగలపై అత్యాచారాల నిరోధక చట్టం కింద వచ్చిన కేసు అది. ఆ చట్టం చూసేది పదాల జాబితాను కాదు. అవమానించాలన్న ఉద్దేశం ఉందా, నలుగురి కళ్ల ముందు అన్నారా అని చూస్తుంది. మాట ఒక్కటే తప్పు కాదు, మాట చేసిన పని తప్పు. దీన్ని మనం భాషణ సందర్భం అంటాం.

ఇంకో మెలిక ఉంది. టీకొట్టు దగ్గర తిట్టయిన ఆ మాటే మండల కార్యాలయంలో హక్కు. కుల ధ్రువీకరణ పత్రంలో ‘యానాది’ అని ఉంటేనే హాస్టలు సీటు, ఉపకారవేతనం, ఉద్యోగంలో రిజర్వేషన్. అందుకే ‘ఈ మాట చెడ్డది, తీసేద్దాం’ అనే సులువైన పరిష్కారం ఇక్కడ పనికిరాదు. వీళ్ల మధ్య జీవితమంతా పనిచేసిన నెల్లూరు జిల్లా వాసి వెన్నెలకంటి రాఘవయ్య 1962లో వీళ్ల మీద ఇంగ్లీషులో పుస్తకం రాసినప్పుడు దానికి పెట్టిన పేరు ‘ది యానాదీస్’. ఆయన ఆ పేరును దాచలేదు, అలంకరించలేదు.

కొండ లేని గిరిజనులు

మరి మర్యాదగా ఏమనాలి? ‘గిరిజనులు’ అనండి అంటారు. ప్రభుత్వ శాఖ పేరు అదే, పత్రికలు రాసేదీ అదే. గిరి అంటే కొండ. విశాఖ మన్యంలోనో, శ్రీశైలం అడవుల్లోనో ఆ మాట అతుకుతుంది. కృష్ణపట్నం దగ్గర ఉప్పుటేట్లో నడుంలోతు నీళ్లలో పీతలు పట్టే మనిషిని గిరిజనుడు అంటే ఏ కొండను చూపిస్తాం? మర్యాద మాట మనిషిని ఉన్న చోటు నుంచి పెరికి ఒక నైరూప్య వర్గంలో పడేసింది. ఇది చిన్న విషయంగా తోచవచ్చు. గిరిజనులంటే కొండల్లో ఉండేవాళ్లే అన్న ఊహ పాతుకుపోతే మైదానంలో, తీరంలో ఉన్న తెగల భూమి సమస్య, వేట హక్కు సమస్య చూపులోంచి జారిపోతాయి. మాట మర్యాదగానే ఉంది, కానీ అబద్ధం చెబుతోంది.

పట్టపు వాళ్ల విషయంలోనూ కొంత ఇలాగే జరిగింది. ఈ తీరంలో సముద్రం మీద వేటకు పోయే కులం పేరు అది. అధికారిక భాషలో వాళ్లు ‘మత్స్యకారులు’. ఈ మాటలో తప్పేమీ లేదు, అన్ని తీరప్రాంత కులాలనూ ఒక గొడుగు కిందికి తెచ్చింది కూడా. అయితే చేప అనడానికి సిగ్గుపడి మత్స్యం అన్నప్పుడు ఆ మర్యాద పనికి దక్కిందా, సంస్కృతానికి దక్కిందా అని ఒకసారి అనుమానించాలి. తెలుగులో సభ్యోక్తులు చాలా వరకు సంస్కృతం నుంచే ఎందుకు వస్తాయి? ‘గుడ్డి’కి ‘అంధుడు’, ‘చచ్చిపోయాడు’కు ‘పరమపదించారు’. తెలుగు మాట మోటు, సంస్కృతం మాట నాజూకు అనే మెట్ల వరస మన మర్యాదలోనే దాగి ఉంది. ఆ మెట్ల వరసను ప్రశ్నించకుండా మాటలు మార్చుకుంటూ పోతే మార్చిన మాట కూడా నాలుగు రోజులకు పాతబడుతుంది. ‘ఎస్టీ’ అనేది ఎంత పొడి పొడి అక్షరాల మాట! ఏ భావమూ లేదు. అయినా ‘ఎస్టీ కాలనీ వాడు’ అని ఒక రకం గొంతుతో అంటే చాలు, పని జరిగిపోతుంది.

‘వికలాంగులు’ అనే మాట స్థానంలో ప్రధానమంత్రి 2015 డిసెంబరులో ‘దివ్యాంగులు’ అనే మాటను ప్రతిపాదించారు. మన రాష్ట్రంలో ‘విభిన్న ప్రతిభావంతులు’ అని కూడా వాడుతున్నారు. బస్సు మెట్టు ఎక్కలేని మనిషికి దివ్యత్వం ఆపాదిస్తే మెట్టు ఎత్తు తగ్గదని ఆ వర్గంలోనే చాలామంది అభ్యంతరం చెప్పారు. నాకు వాళ్ల మాటే సబబు అనిపిస్తుంది.

ఎవరు పెట్టిన పేరు?

ఇదంతా చదివి, పేరు మార్పు వట్టి దండగ అనుకోకండి. తెలుగునాట పేరు మార్పుల చరిత్ర అలా చెప్పదు. 1917 నవంబరులో బెజవాడలో జరగవలసింది పంచమ మహాసభ. భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన సభ మొదలయ్యాక ‘పంచమ’ అనే పేరే చర్చకు వచ్చింది. నాలుగు వర్ణాలకు బయట ఐదోవాళ్లు అన్న లెక్క ఎవరు వేశారు? ఈ నేలకు మొదటివాళ్లం మేము అంటూ వాళ్లు దాన్ని ఆది ఆంధ్ర మహాసభగా మార్చుకున్నారు. ఒక సభ తన పేరును సభలోనే మార్చుకోవడం తెలుగు భాషా చరిత్రలో కూడా ఒక సంఘటనే. పాఠ్యపుస్తకాలు దాన్ని రాజకీయ చరిత్రకు వదిలేశాయి.

గాంధీ 1933లో ‘హరిజన్’ పత్రిక మొదలుపెట్టాడు. ఆ సంవత్సరం చివర హరిజన యాత్రలో తెలుగు జిల్లాలకూ వచ్చాడు. నెల్లూరు దగ్గర పెన్నా ఒడ్డున పల్లిపాడులో 1921లో ఆయన ప్రారంభించిన ఆశ్రమం ఉంది కాబట్టి ఈ జిల్లాకు ఆయన మాట బాగా దగ్గరిది. ‘హరిజన’లో సదుద్దేశం ఉందని కాదనలేం. కానీ ఆ పేరు పొందినవాళ్లలో చాలామంది దాన్ని ఇష్టపడలేదు. 1938లో బొంబాయి శాసనసభలో ఒక బిల్లులో ఆ మాట చేర్చినప్పుడు అంబేడ్కర్, ఆయన పక్షంవాళ్లు సభ నుంచి బయటికి నడిచారు. 1982లో కేంద్ర ప్రభుత్వం ధ్రువపత్రాల్లో ‘హరిజన’ రాయవద్దని ఆదేశించింది. సదుద్దేశంతో పుట్టిన మాట యాభై ఏళ్లలో నిషేధానికి వచ్చింది. అందరూ హరి బిడ్డలైతే కొందరికే ఆ పేరెందుకు అన్న ప్రశ్నకు సమాధానం దొరకకపోవడమే దీనికి కారణం.

‘దళిత’ అనేది వేరే దారిన వచ్చింది. అర్థం చూస్తే నలిగినవాడు, అణగదొక్కబడినవాడు. ‘హరిజన’ కన్నా హీనమైన అర్థం! అయినా 1985 జూలైలో కారంచేడు మారణకాండ తరవాత కట్టిన ఉద్యమం దళిత మహాసభ పేరుతోనే నిలబడింది. ఎందుకు? ఆ మాట వాళ్లను పొగడదు, వాళ్లకు జరిగినదాన్ని చెబుతుంది. తొక్కినవాడు ఒకడున్నాడని కూడా చెబుతుంది. 2018లో కేంద్ర సమాచార శాఖ ఈ మాట మానమని ప్రసార మాధ్యమాలకు సూచిస్తే, అభ్యంతరం చెప్పినవాళ్లలో ముందున్నది దళితులే.

అన్నిటికన్నా ఆసక్తికరమైన మలుపు నెల్లూరుకు పొరుగు జిల్లా ప్రకాశంలో జరిగింది. 1994 జూలై 7న ఈదుముడి గ్రామంలో మాదిగ దండోరా మొదలైంది. శర్మ, రెడ్డి, చౌదరి లాగా ‘మాదిగ’ను పేరు చివర తగిలించుకోవడం ఆ ఉద్యమం నేర్పిన పద్ధతి. అప్పటిదాకా గొంతు తగ్గించి చెప్పిన మాట వేదిక మీద మైకులో పలికింది. వ్యుత్పత్తి మారలేదు, ఒక్క అక్షరం మారలేదు, చట్టం కూడా మారలేదు. పలికే మనిషి మారాడు, అంతే. అర్థోత్కర్షకు నేటి పాఠ్యపుస్తకం ఇవ్వవలసిన ఉదాహరణ ఇదని నా అభిప్రాయం. అయితే ఒక జాగ్రత్త. ఆ మాట వాళ్ల నోట గౌరవం అయింది కదా అని బయటివాడు పాత గొంతుతో అంటే అది పాత తిట్టే. ‘వాళ్లే అనుకుంటున్నారు కదా, మేమంటే తప్పేంటి’ అనే ప్రశ్న మీకు తరచు వినిపిస్తుంది. మా నాన్నను నేను ‘నాన్నా’ అంటాను, మీరు అనరు. ఎవరు అంటున్నారన్నదాన్ని బట్టి మాట విలువ మారడం మనకు కొత్త విషయం కాదు.

‘వాడు’, ‘ఆయన’

పాశ్చాత్య దేశాల్లో ఈ చర్చను ‘పొలిటికల్ కరెక్ట్‌నెస్’ అంటారు. ఈ పదబంధానిదీ ఒక అర్థాపకర్ష కథే. అమెరికాలో వామపక్షీయులు తమలో తాము ‘నువ్వు మరీ సరైన దారిలో నడుస్తున్నావోయ్’ అని వేళాకోళానికి వాడుకున్న మాట, 1990 ప్రాంతానికి ప్రత్యర్థుల చేతిలో ఆయుధమైంది. ఇప్పుడు ఎవరూ తమను తాము పొలిటికల్లీ కరెక్ట్ అని చెప్పుకోరు, ఎదుటివాళ్లను నిందించడానికే అంటారు. ఆ చర్చను అక్కడి నుంచి ఎత్తి తెచ్చి ఇక్కడ పెడితే ఒక ముఖ్యమైన సంగతి తప్పిపోతుంది. అక్కడ గొడవ చాలావరకు నామవాచకాల మీద. తెలుగులో అవమానం సర్వనామంలో, క్రియలో, ప్రత్యయంలో ఉంటుంది.

ఈ వాక్యాలు చూడండి. ‘డాక్టరుగారు వచ్చారు. కాపలావాడు వచ్చాడు.’ ఇందులో ఏ మాటనూ ఎవరూ తప్పు పట్టరు. ఏ నిషేధ జాబితాలోనూ ఇవి ఉండవు. కానీ ‘ఆరు’కూ ‘ఆడు’కూ మధ్య ఉన్న దూరం ఊరికీ ఊరి చివరి గుడిసెకూ మధ్య ఉన్న దూరమే. పదేళ్ల రైతు కొడుకు డెబ్భై ఏళ్ల యానాది కాపలాదారును ‘ఒరేయ్’ అంటాడు. ముసలాయన ‘సామీ’ అంటాడు. ఇద్దరూ ఒక్క చెడ్డ మాట మాట్లాడలేదు. ‘యానాది’ తీసేసి ‘గిరిజన సోదరుడు’ అని రాసి, తరవాత వాక్యంలో ‘వాడు చెప్పాడు’ అంటే మనం మార్చింది ఏమిటి? పేరు చివర ‘గాడు’ చేరడం, ఆడమనిషిని ‘అది’ అనడం కూడా ఇంతే. చిన్నయసూరి 1858లో బాలవ్యాకరణం రాసినప్పుడు మహత్తు, అమహత్తు అనే విభజనను సూత్రీకరించాడు. ఏకవచనంలో స్త్రీకి వాడే క్రియ, పశువుకు వాడే క్రియ తెలుగులో ఇప్పటికీ ఒకటే: ‘ఆవు వచ్చింది’, ‘ఆమె వచ్చింది’. ‘వచ్చారు’ అంటేనే ఆమె ఆవు నుంచి విడిపోతుంది, ఆ బహువచనం అందరు ఆడవాళ్లకూ దక్కదు. మన వ్యాకరణ పాఠం దీన్ని లింగ నియమంగానే చెప్పి వదిలేస్తుంది. సామాజిక నియమంగా కూడా చెప్పాలి.

పాత పుస్తకాలను ఏం చేద్దాం?

కుల దూషణలు నిండిన సామెతలు మనకు కుప్పలుగా ఉన్నాయి. కెప్టెన్ కార్ 1868లో అచ్చువేసిన ‘ఆంధ్ర లోకోక్తి చంద్రిక’ నుంచి నేటి పోటీ పరీక్షల గైడ్ల దాకా వాటిని ‘జానపదుల జ్ఞానం’ అని పొగుడుతూ వస్తున్నాం. వాటిని తుడిచేయాలా? తుడిచేస్తే, ఆ మాటలు పడినవాళ్ల దగ్గర మిగిలిన సాక్ష్యం కూడా పోతుంది. ఉన్నవ లక్ష్మీనారాయణ నవల ‘మాలపల్లి’కి ‘సంగవిజయం’ అనే పేరు కూడా ఉంది. నిలిచింది మొదటి పేరే. ఆ రోజుల్లో ఆ మాటను నవల అట్ట మీద వేయడమే ఒక వాదం. దాన్ని నేటి మర్యాదకు తగ్గట్టు మారిస్తే ఆ వాదం చచ్చిపోతుంది.

తుడిచివేతకూ పాఠ్యాంశంలో పెట్టి వల్లె వేయించడానికీ మధ్య మూడో దారి ఉంది. సామెత చెప్పేటప్పుడు, ఇది ఎవరు ఎవరి గురించి అన్నది, ఎవరి లాభం కోసం అన్నది అని కూడా చెప్పడం. ప్రభుత్వ రికార్డుల విషయంలో మాత్రం నాకు ఇంత ఓపిక లేదు. 1871 నాటి నేరస్థ జాతుల చట్టం 1911లో మద్రాసు రాష్ట్రానికి విస్తరించింది. దాని కింద కావలిలోనూ, బిట్రగుంట దగ్గర కప్పరాళ్లతిప్పలోనూ సెటిల్‌మెంట్లు వెలిశాయి. ‘దొంగ దాసరి’ లాంటి పేర్లు అధికారిక పత్రాల్లో జాతి పేర్లుగా చెలామణి అయ్యాయి. దేశవ్యాప్తంగా ఆ చట్టం 1952 ఆగస్టు 31న రద్దయింది. అయినా జైలు మాన్యువళ్లలో దాని భాష మిగిలే ఉందని 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు గుర్తించి, తీసేయమని ఆదేశించవలసి వచ్చింది. చట్టం పోయి 72 ఏళ్లు! సాహిత్యంలోని మాటకు వివరణ రాసి ఉంచవచ్చు. ఒక మనిషిని ఏ గదిలో పెట్టాలో, ఏ పని చేయించాలో నిర్ణయించే రికార్డులోని మాటను కొట్టేయవలసిందే. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టి ‘అన్నీ మార్చేస్తే చరిత్ర ఏమవుతుంది’ అని వాపోయేవాళ్లను అడగవలసింది, మీరు మాట్లాడుతున్నది గ్రంథాలయం గురించా, జైలు గురించా అని.

సినిమా ఈ రెండింటికీ మధ్యస్థం. ‘స్టువర్టుపురం పోలీస్ స్టేషన్’ (1991) నుంచి ‘టైగర్ నాగేశ్వరరావు’ (2023) దాకా ఆ ఊరి పేరు తెర మీదికి వచ్చినప్పుడల్లా దొంగతనంతోనే ముడిపడి వచ్చింది. ఊరి పేరే తిట్టు అయినప్పుడు ఆ ఊరి నుంచి ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకునే యువకుడు చిరునామా దగ్గర ఆగుతాడు.

ఇక మీ పని. ఈ యూనిట్ అసైన్‌మెంటుగా మీ ప్రాంతంలో తిట్టుగా వినిపించే ఒక కులం, తెగ, వృత్తి లేదా ఊరి పేరు తీసుకుని దానికి నిఘంటు ఆరోపం రాయండి. అర్థం, వ్యుత్పత్తి ఎలాగూ రాస్తారు. వాటితో పాటు ఆ మాట ఎవరి నోట ఏ సర్వనామంతో కలిసి వస్తుందో, ఏ కాగితం మీద అది హక్కు అవుతుందో, ఏ సందర్భంలో అవమానమవుతుందో రాయండి. ఆ పేరు గలవాళ్లను కలిసి, తమను ఏమని పిలిస్తే బాగుంటుందో అడగండి. వాళ్లు చెప్పింది మీకు ముందే తెలిసిన సమాధానం కాకపోతే దాన్ని ఆరోపంలో మొదటి వరసలో పెట్టండి. వాళ్లలో వాళ్లకే ఏకాభిప్రాయం లేకపోతే రెండూ రాయండి, మార్కులు తగ్గవు.